వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి!

మీ అత్తగారు వంటింటి గడప దాటుతూ వెనక్కి పడిపోయారు. నెల తిరక్కుండానే మళ్ళీ పడ్డారు. అన్నం తింటూ కూర చీర మీద పోసుకుంటున్నారు. "వయసు మీద పడింది కదా!" అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నారు. కాస్త ఆగండి.

అరవై దాటాక కనిపించే ఓ అరుదైన నరాల జబ్బు ఇలాగే మొదలవుతుంది. పేరు ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ. డాక్టర్లు పి.ఎస్.పి. అంటారు. స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ అనే ముగ్గురు వైద్యులు 1964లో కెనడాలో దీన్ని వివరంగా ప్రకటించారు. పైకి పార్కిన్సన్స్ లాగే ఉంటుంది. కానీ ఇందులో వణుకు తక్కువ. మొదటి రెండు మూడేళ్ళలోనే పడిపోవడం మొదలవుతుంది. కళ్ళు కిందికి, పైకి తిప్పడం కష్టమవుతుంది. పార్కిన్సన్స్ మాత్రలతో పెద్దగా గుణం కనిపించదు.

స్కానింగు ఎందుకు?

ఎమ్మారై తీస్తే రెండు లాభాలు. మెదడులో రక్తం గడ్డకట్టినా, నీరు చేరినా నడక తడబడుతుంది. వీటికి ఆపరేషన్‌తో గుణం రావచ్చు. అవి ఉన్నాయేమో ముందుగా తేలిపోతుంది. ఇక పి.ఎస్.పి.లో మధ్యమెదడు సన్నబడుతుంది. పక్కనుంచి తీసిన చిత్రంలో అది పొడుగు ముక్కున్న హమ్మింగ్ బర్డ్ పిట్ట తలలా కనిపిస్తుంది. అయితే జబ్బు మొదట్లో ఈ గుర్తు కనిపించకపోవచ్చు. అందుకే నరాల డాక్టరు నడకను, కంటి చూపును కూడా పరీక్షించాకే నిర్ణయిస్తారు.

వెళ్ళేముందు

ఎన్నిసార్లు పడ్డారో, ఎటు పడ్డారో కాగితం మీద రాసుకెళ్ళండి. గాజులు, గొలుసులు, పిన్నీసులు, తలపిన్నులు ఇంట్లోనే తీసేయండి. గుండెకు పేస్‌మేకర్ గానీ, ఒంట్లో లోహపు క్లిప్పులు గానీ ఉంటే ముందే చెప్పండి. మిషను పెద్దగా చప్పుడు చేస్తుంది, భయపడొద్దని ఆవిడకు చెప్పి ఉంచండి.

ఇంట్లో

కాళ్ళకు అడ్డుపడే పట్టాలు తీసేయండి. బాత్‌రూములో పట్టుకోడానికి గోడకు కడ్డీ బిగించండి. కంచాన్ని చిన్న పీట మీద ఎత్తుగా పెట్టండి. మింగేటప్పుడు పొలమారుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ఈ జబ్బును నయం చేసే మందు ఇంకా రాలేదు. మరి పేరు తెలిసి ఏం లాభం అంటారా? "కిందికి చూసుకుని నడవొచ్చు కదా!" అని ఇక ఎవరూ ఆవిణ్ణి కసురుకోరు. ఆవిడ చూడక కాదు, చూడలేక పడుతున్నారు మరి!