కారు ఆడియోకి పెద్ద బ్యాటరీలు పెడితే.. ఆల్టర్నేటర్ తట్టుకుంటుందా?

బాస్ కొట్టినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయా? దాదాపు అందరూ చెప్పే సలహా ఒక్కటే: "ఇంకో బ్యాటరీ పెట్టించు". నేనూ అదే చేశాను. 1000 వాట్ల ఆంప్లిఫయర్ కోసం డిక్కీలో 100 ఆంపియర్ అవర్ ఏజీఎం బ్యాటరీలు రెండు పెట్టించాను. మూడు నెలలు బాగానే నడిచింది. ఓ రాత్రి హైవే మీద డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్యాటరీ లైటు వెలిగింది. చూపిస్తే ఆల్టర్నేటర్ డయోడ్లు కాలిపోయాయన్నారు. తప్పు బ్యాటరీలది కాదు, లెక్క వేసుకోని నాది.

ట్యాంకు పెద్దదే, మోటారు చిన్నది

బ్యాటరీ మన ఇంటి మీద వాటర్ ట్యాంకు లాంటిది, ఆల్టర్నేటర్ మోటారు లాంటిది. ట్యాంకు ఎంత పెద్దదైనా నింపాల్సింది మోటారే కదా! బాస్ దెబ్బకి క్షణకాలం కావాల్సిన కరెంటును బ్యాటరీ ఇస్తుంది. కానీ వాడిందంతా తిరిగి నింపాల్సింది ఆల్టర్నేటరే.

చిన్న కార్లలో ఆల్టర్నేటర్ సామర్థ్యం చాలావరకు 70-90 ఆంపియర్లే. అదీ ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడే. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో సుమారు సగమే వస్తుంది.

నా లెక్క ఎక్కడ తప్పిందంటే..

ఆదివారాలు ఇంజిన్ ఆపేసి మూడు గంటలు పాటలు పెట్టేవాళ్లం. సగటున 30 ఆంపియర్లు వేసుకున్నా 90 ఆంపియర్ అవర్లు ఖాళీ. ఐడిల్‌లో వచ్చే 45 ఆంపియర్లలో లైట్లు, ఏసీ, ఫ్యూయల్ పంపు కలిసి 30 తినేస్తే మిగిలేది 15. అంటే నింపడానికి ఆరు గంటలు! హైవే మీదైతే గంటన్నర పైనే ఆల్టర్నేటర్ ఫుల్ లోడ్‌లో కాగిపోవాలి. అంతసేపు ఆ వేడిని తట్టుకునేలా చాలా స్టాక్ ఆల్టర్నేటర్లను తయారు చేయరు.

ఇక్కడ ఒక అపోహ ఉంది. బ్యాటరీ పెద్దదైనంత మాత్రాన ఆల్టర్నేటర్ పోదు. నిండుగా ఉన్న బ్యాటరీ ఎంత పెద్దదైనా లాగే కరెంటు చాలా తక్కువ. ఖాళీ చేసి, ఇంజిన్‌తో నింపమన్నప్పుడే అసలు కష్టం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీతో ఇంకా జాగ్రత్త. లెడ్ యాసిడ్ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, లిథియం మాత్రం దాదాపు చివరిదాకా ఇచ్చినంతా లాగేస్తుంది.

మరి ఏం చేయాలి?

ముందు మల్టీమీటర్‌తో చూడండి. ఇంజిన్ ఆన్‌లో, మీరు మామూలుగా వినే వాల్యూమ్‌లో బ్యాటరీ దగ్గర 13.5 వోల్టుల పైన ఉంటే బేఫికర్. 12.7 కిందికి పడిపోతూ అక్కడే ఉంటే ఆల్టర్నేటర్ చాలడం లేదని అర్థం.

ఇంజిన్ ఆపి పాటలు వింటే, ఇంటికొచ్చాక కరెంటు చార్జర్‌తో నింపండి. చవకైన మార్గం ఇదే. రోజూ ప్రయాణంలోనే నిండాలంటే 20-30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి. డిక్కీ బ్యాటరీలు అంతకు మించి లాగలేవు, ఆల్టర్నేటర్ బతుకుతుంది. ఇంజిన్ నడుస్తుండగానే గంటల తరబడి ఫుల్ వాల్యూమ్ కావాలంటే మాత్రం హై అవుట్‌పుట్ ఆల్టర్నేటర్, దానికి తగ్గ లావు కేబుళ్లు తప్పవు. ఏది పెట్టించినా ప్రతి బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

ఇప్పుడు నా కారులో అవే రెండు బ్యాటరీలు, కొత్త స్టాక్ ఆల్టర్నేటర్, మధ్యలో 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్. ఆదివారం రాత్రి ఇంటికి రాగానే ప్లగ్ పెట్టేస్తాను. ఎర్ర లైటు మళ్లీ వెలగలేదు.