పెరటి కోళ్ళు: పిల్లలను నిలుపుకొనుట ఎట్లు?

మన పల్లెలలో కోళ్ళు లేని రైతు ఇల్లు అరుదు. అయినను "మీకెన్ని కోళ్ళున్నవి?" అని అడిగినచో చాలమంది రైతు సోదరులు వెంటనే చెప్పలేరు. ఇంటిలోనికి కేక వేసి ఆడవారిని అడిగి చెప్పుదురు. పెరటి కోళ్ళ లెక్క వారిది. పిల్లవాని పుస్తకములకు, రాత్రివేళ వచ్చిన జ్వరమునకు, చెప్పకుండ దిగిన చుట్టమునకు అప్పటికప్పుడు అక్కరకు వచ్చునది ఆ కోళ్ళ పైకమే. తెల్లవారునప్పటికి గూటిలోని పిల్లలు లేకపోయినయెడల పోయినది ఎవరి సొమ్మో గుర్తుంచుకొని ఈ వ్యాసమును చదువ కోరుచున్నాను. వీలైనచో ఇంటిలో చదివి వినిపించుడు.

మొదట ఒక చిన్న లెక్క చూతము. నాటు పెట్ట ఏడాదికి సుమారు 50, 60 గుడ్లు పెట్టును. పన్నెండు, పదిహేను గుడ్లు కాగానే పొదుగుకు కూర్చుండును. 21 దినములు పొదిగి, పిల్లలు లేచిన తరువాత రెండు మూడు నెలలు వానిని వెంట త్రిప్పుకొనును. అంతవరకు మరల గుడ్డు లేదు. ఒక పెట్ట క్రింద 12 గుడ్లు పెట్టగా 9 పిల్లలు లేచినవనుకొందము. రెండు నెలలకు ఒక ఇంట 3 మిగిలినవి, ప్రక్క ఇంట 6 మిగిలినవి. రెండిండ్లలోను పెట్ట ఒకటే, గుడ్లు ఒకటే, చల్లిన నూకలలో కూడ పెద్ద భేదము లేదు. ఫలము మాత్రము రెండింతలు. కావున ఎక్కువ గుడ్లు పెట్టు జాతిని వెదకుటకు ముందు, ఉన్న పిల్లలు ఎట్లు పోవుచున్నవో చూచుకొనుట లాభము.

మేలుజాతులు వద్దని నా భావము కాదు. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయము పెరటి పెంపకమునకే వనరాజా, గ్రామప్రియ అను రకములను రూపొందించినది. రంగుల ఈకలుండుటచే తెల్లకోడివలె ఇవి గద్ద కంటికి దూరమునుండి మెరయవు. అయితే వీనిలో వనరాజా బరువైన పక్షి. నాటుకోడివలె చటుక్కున కొమ్మ యెక్కి తప్పించుకొనజాలదు. ఇట్టి కోళ్ళు తెచ్చువారు గట్టి గూడు ముందుగా కట్టి, పిల్లలను తరువాత తేవలెను.

గూడు విషయమున నేను చేసిన తప్పు ఒకటి చెప్పవలసియున్నది. చదువు ముగించి సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, మా అమ్మ కోళ్ళు చింతచెట్టుపై పండుకొనుట చూచి నాకు చిన్నతనముగా తోచినది. పిల్లలను మాత్రము ఆమె వసారాలో గంప క్రింద మూసి, పైన రాయి పెట్టెడిది. నేను పూనుకొని పెరటి గోడ ప్రక్కన మూడు వైపుల ఇటుకలు పేర్చి, ముందు అంగుళపు కన్నుల ఇనుప జాలీ బిగించి, పైన రేకు వేసితిని. నేల మట్టినేలయే. అందులో రెండు పెట్టలను, పదునాలుగు పిల్లలను ఉంచితిని. నాలుగు దినములు బాగుగనే జరిగినది. అయిదవ రాత్రి నాలుగు పిల్లలు పోయినవి. పిల్లి వచ్చినదనుకొని తలుపునకు తీగ చుట్టితిని. మరునాటి రాత్రి ఏడు పోయినవి. తలుపు తీగ చుట్టినట్లే యున్నది, జాలీ చెక్కుచెదరలేదు. గడ్డపార తెచ్చి గూటి నేలను త్రవ్వి చూడగా, గోడ క్రిందుగా లోనికి వచ్చిన పందికొక్కు బొరియ కనబడినది. అందులో అయిదు పిల్లలు దాచిపెట్టియున్నవి. "ఒరేయ్, నీ గూటికంటే నా గంపే నయం గదరా" అని మా అమ్మ అన్నది. ఆమె మాట సత్యము. చెడ్డ గూడు కోడిని రక్షింపదు సరిగదా, పారిపోవు దారిని కూడ మూసివైచును. మొదటి రాత్రియే గుర్తులు సరిగా చదివియుండినచో ఏడు పిల్లలు దక్కెడివి.

కనుక పిల్ల పోయిన ఉదయము ఎవరినో తిట్టుటకు ముందు, ఊడ్పు చీపురు పట్టుటకు ముందు, గూటి చుట్టును ఒక్కసారి చూడవలెను.

పట్టపగలు, తల్లి వెంట తిరుగుచుండగా, ఈక గాని రక్తము గాని లేకుండ పిల్ల మాయమైనచో అది గద్ద లేక డేగ పని. ఒకటి రెండు దినముల పిల్లలను కాకులు కూడ ఎత్తుకొనిపోవును. పగలే నాలుగైదు పక్షులు మెడ దగ్గర కరవబడి పడియున్నచో ముంగిసను అనుమానింపవలెను. ఇది గుడ్లను కూడ పగులగొట్టి త్రాగును. రాత్రివేళ పెద్దకోడి ఒకటి పోయి, కొంత దూరమున కంపల చాటున ఈకల కుప్ప కనబడినచో బావురుపిల్లియో నక్కయో వచ్చినట్లు తలంచవచ్చును. చాల కోళ్ళు చచ్చి, తినబడక, పెరడంతయు చెల్లాచెదరుగా పడియున్నచో అది కుక్కల పని; చాలసార్లు మన వీధి కుక్కలే. పిల్లలు రాత్రి ఒక్కొక్కటే తగ్గుచు, మూలలందు తాజా మట్టి తోడబడియున్నచో పందికొక్కు లేక ఎలుక. గుడ్లు పెంకుతో సహా కనబడకపోయినను, చచ్చిన పిల్ల తల తడిసి ఈకలు అంటుకొనిపోయి యున్నను పాము వచ్చినట్లు. మ్రింగబోయి, పట్టక విడిచినదన్నమాట. జాలీ ప్రక్కనే కోడి తల లేకుండ పడియున్నచో, కన్నులలోనుండి ఏదో జంతువు లాగినది. కన్నులు పెద్దవైన జాలీకి ఇదే పెద్ద దోషము. ఈ గుర్తులు ఒక్కొక్కప్పుడు కలగలిసి యుండును. కుక్క చంపినదానిని తెల్లవారుజామున మరియొకటి ఈడ్చుకొనిపోవచ్చును. అయినను పది సార్లలో ఏడెనిమిది సార్లు గుర్తు మనకు దారి చూపును.

గూడు ఎట్లుండవలెను?

పది పెట్టలకు, ఒక పుంజునకు రాత్రి పండుకొనుటకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు చాలును. అంతకంటె పెద్దది కట్టబోయి సగములో నిలుపుటకంటె చిన్నదానిని గట్టిగా కట్టుట మేలు. నేలపై కట్టవద్దు. రెండున్నర, మూడడుగుల ఎత్తు గుంజలు నాలుగు పాతి, వానిపై గూటిని నిలుపవలెను. క్రింద గాలి ఆడును, రెట్ట తీయుట సులభము, వానకాలము తేమ ఎక్కదు, బొరియ త్రవ్వువానికి దారి యుండదు. గుంజలకు నడుమ భాగమున పాత నూనె డబ్బా రేకును జానెడు వెడల్పున నున్నగా చుట్టి మేకులు కొట్టినచో ఎలుకకు కాలు నిలువదు. ఇంటి గోడకు, చెట్టుకొమ్మకు గూడు ఆనకుండ చూడవలెను. ఆనినచో గుంజలకు రేకు చుట్టిన శ్రమ వృథా.

జాలీ అర అంగుళపు కన్నులది, కలుపుల వద్ద అతికించిన గట్టి రకము కొనవలెను. సన్నతీగతో అల్లిన కోళ్ళవల కోడిని లోపల ఉంచుటకు పనికివచ్చును గాని, బయటివానిని ఆపుటకు చాలదు. కుక్క దానిని పంటితో చించును. డబ్బు చాలనివారు జాలీని గాలి వచ్చు పైభాగమునకు మాత్రము వాడి, క్రింది భాగమునకు పాత పలకలు, చీల్చిన వెదురు దగ్గరగా బిగించవచ్చును. బొటనవ్రేలు దూరు సందు ఎక్కడ నున్నను ఎలుక దూరుననియే తలంచవలెను. వ్రేలితో అంతటను తడివి చూచుట మంచి పరీక్ష.

తలుపునకు త్రాడు కట్టుట మనవారి అలవాటు. త్రాడు సడలును, నానును, పిల్లవాడు కట్టుట మరచును. గడియ పెట్టించి, దానిలో ఒక పుల్ల గ్రుచ్చవలెను. పొద్దు వాలి దీపము పెట్టువేళకు కోళ్ళు వాటంతట అవియే గూడు చేరును. అప్పుడే లెక్క చూచి గడియ వేయవలెను. అన్నము తిని వేయుదమనుకొన్న రాత్రియే నక్క వచ్చును. ఉదయము కూడ మరీ చీకటితో విడువవద్దు.

మట్టినేలపై గూడు ఇప్పటికే కట్టుకొన్నవారు దానిని పడగొట్టనక్కరలేదు. లోపల నేలను రాళ్ళు పరచి సిమెంటు పూయవలెను, లేదా నేలంతయు జాలీ పరచి పైన మట్టి వేయవలెను. వెలుపల గోడ పొడుగునను అడుగు వెడల్పున జాలీని నేలపై పరచి, దానిపై రాళ్ళు పేర్చవలెను. త్రవ్వు జంతువు గోడ మొదటనే త్రవ్వ మొదలుపెట్టును. అక్కడ జాలీ అడ్డు తగిలినచో వెనుకకు జరిగి త్రవ్వవలెనను తెలివి సాధారణముగా దానికి తోచదు.

పగటి కాపు

పగలు గద్దనుండి పిల్లలను కాపాడుట కష్టమైన పని. శీతకాలము చివరనుండి వేసవి వరకు గద్దలు గూళ్ళలో తమ పిల్లలను సాకుచుండును గనుక మన పెరళ్ళపై ఎక్కువగా తిరుగును. పొదుగు వేయుటకు ముందే ఈ సంగతి తలంచుకొనవలెను. పిల్లలను మొదటి నాలుగు వారములు బయట తిప్పకుండ, గంప క్రిందనో జాలీ పెట్టెలోనో ఉంచి పెంచినయెడల సగము నష్టము తప్పును. తల్లి లేకుండ పెంచునప్పుడు మొదటి వారము 95 డిగ్రీల ఫారన్‌హీటు వెచ్చదనము కావలెను. వారమునకు 5 డిగ్రీల చొప్పున తగ్గించుకొనవచ్చును. వేడిమాని లేనివారికి పిల్లలే చెప్పును: దీపము క్రింద గుమిగూడినచో చలి, దూరముగా పోయి నోరు తెరచినచో వేడి. పిల్లలను ఇట్లు వేరుచేయుటచే తల్లిపెట్ట త్వరగా మరల గుడ్డుకు వచ్చును. ఇది అదనపు లాభము.

పెద్దవైన పిల్లలకు దాగుచోటు కావలెను. బయలు పెరటిలో కోడి అరచినను పిల్లలు ఎక్కడికి పోగలవు? సొర, బీర పాదులకు తక్కువ ఎత్తు పందిరి వేసినచో కూరగాయ, నీడ, గద్దకు అడ్డు, మూడును సమకూరును. పాదు మొదట రాళ్ళు పేర్చుట మరువరాదు. లేనిచో కోళ్ళు వేళ్ళు గీరివేయును. పందిరి లేనిచోట రెండు మూడు మోపుల కందికంపను గుడారమువలె ఆనించి యుంచిన చాలును. ఎనిమిది, పది పెట్టలకు ఒక మంచి పుంజు నుండనిండు. నీడ కదలగానే ముందుగా కూత వేయునది అదియే. గిన్నికోళ్ళు కూడ క్రొత్తది ఏది కనబడినను గోల చేయును. ఇరుగుపొరుగువారు ఓర్చుకొనువారైనచో రెండింటిని పెంచవచ్చును. అన్నిటికంటె, పిల్లప్పటినుండి కోళ్ళమధ్య పెరిగిన ఇంటికుక్క మేలు.

గుడ్లను మధ్యాహ్నము ఒకసారి, సాయంకాలము ఒకసారి తీయవలెను. గుడ్డు వాసనకు వచ్చిన పాము, ఉడుము దారి మరువవు. మిగిలిన మేతను రాత్రి నేలపై ఉంచరాదు. నూకలకు ఎలుక వచ్చును, ఎలుకకు పాము వచ్చును.

మందు పెట్టి చంపవచ్చునా యని అనేకులు అడుగుదురు. వలదు. చచ్చిన కోడిలో పురుగుమందు కూర్చి పెట్టినచో చచ్చునది బావురుపిల్లియే యను నమ్మకమేమి? మన కుక్క చచ్చును, దానిని తిన్న కాకి చచ్చును, పసిపిల్లలు ముట్టుకొనవచ్చును. కంచెకు కరెంటు తీగ కట్టుట మరింత ఘోరము; ఆ తీగకు మనుష్యులు బలియగుచున్నారు. బావురుపిల్లి, ముంగిస, ఉడుము, నక్క మున్నగునవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందినవి. వీనిని చంపుట నేరము. మరియొక మాట: జెర్రిపోతు, ముంగిస, బావురుపిల్లి ఏడాది పొడుగునను మన చేలగట్లలోని ఎలుకలను తినుచున్నవి. సస్యశాస్త్రము బోధించువాడను గనుక వరిచేనిలో ఎలుక చేయు నష్టమును ఎరుగుదును. వానిని చేలోనే ఉండనిచ్చి, గూటికి గడియ పెట్టుకొనుట మనకు లాభము.

కనబడని శత్రువులు

కొక్కెర తెగులు వచ్చినచో ఏ నక్కయు చేయనంత నష్టము చేయును. పిల్లలకు 5 నుండి 7 దినముల లోపల లసోటా టీకా కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగు వారములకు మరల ఒకసారి, ఎనిమిది వారములు దాటిన పిమ్మట రెక్క క్రింద సూదిటీకా వేయించవలెను. టీకామందు చల్లదనము తప్పినచో పనిచేయదు. పశువైద్యశాలనుండి మంచులో ఉంచి తెచ్చుకొని వెంటనే వాడవలెను. ఊరిలో పది ఇండ్లవారు కలిసి ఒకే దినము వేయించినచో సీసా వృథా కాదు.

తెగులని పొరపడు మరణములు కొన్ని గలవు. విత్తనశుద్ధి చేసిన వేరుసెనగ, జొన్న గింజలు మిగిలినప్పుడు గట్టుననో దొడ్డిలోనో పారబోయుట చూచుచున్నాను. కోళ్ళు వానిని ఏరుకొని తిని మధ్యాహ్నమునకే తలలు వాల్చును. మిగిలిన గింజలను లోతుగా గొయ్యి తీసి పూడ్చవలెను. ఎలుకలకు పెట్టిన మందు తిన్న ఎలుకను కోడి పొడిచినను ప్రమాదమే. విత్తుదినములలో, మందు చల్లిన మూడు నాలుగు దినములలో కోళ్ళను చేని వైపు పోనీయక, ఆ కొలది దినములు గంటలు కొట్టి కాపుకాయుటకంటె గూటిలోనే మేపుట సులువు.

గూటి క్రింద పడిన రెట్టను వారమున కొకసారి తీసి, ఎండుటాకులతో కలిపి నీడన కుప్ప వేయుడు. ఎండిన కోళ్ళ ఎరువులో సుమారు నూటికి 3 పాళ్ళు నత్రజని యుండును; పశువుల పెంటలో అరపాలు మించుట అరుదు. పచ్చి రెట్టను మొక్క మొదట వేసినచో వేడి చేసి వేరు మాడును గనుక, రెండు మూడు నెలలు మాగిన తరువాతనే సొరపాదునకు వేయవలెను.