హిప్నోథెరపీకా? మందుల చీటీ తీసుకెళ్లండి

ఆందోళన, నిద్రలేమి, వదలని సిగరెట్, తగ్గని నొప్పి... వీటికి హిప్నోథెరపీ తోడ్పడుతుందని విని వెళ్లాలనుకుంటున్నారా? అయితే అక్కడ ‘ఏయే మందులు వాడుతున్నారు?’ అని తప్పకుండా అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. మనసుకు చేసే చికిత్సకీ, రోజూ వేసుకునే మాత్రకీ సంబంధమేంటి అనిపించొచ్చు. చాలానే ఉంది.

ఆందోళనా? మందు ప్రభావమా?

గుండెదడ, చేతుల వణుకు అనగానే ఆందోళన అనుకుంటాం. కానీ ఆస్తమాకు వాడే సాల్బుటమాల్‌తోనూ ఇవి రావొచ్చు. థైరాక్సిన్ మోతాదు ఎక్కువైనా దడ రావొచ్చు. ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్లతో కొందరికి నిద్ర పట్టదు. అసలు కారణం మందే అయితే ఎన్ని సెషన్లకు వెళ్లినా ఫలితం అంతంతే. డాక్టర్ మోతాదు సరిచేస్తే తీరిపోయే సమస్యకు డబ్బూ, సమయమూ వృథా అవుతాయి.

సెషన్ జరుగుతుండగా...

ఇన్సులిన్ తీసుకునేవారు వేళకు తినకుండా వెళ్తే రక్తంలో షుగర్ పడిపోవచ్చు. అప్పుడు వచ్చే మగతను థెరపిస్టు గాఢమైన విశ్రాంతిగా పొరబడే ప్రమాదముంది. ప్రొప్రనలాల్ కూడా వాడుతుంటే షుగర్ పడిపోయిందని హెచ్చరించే దడ, వణుకు సరిగా తెలియవు. చెమటలు మాత్రం పడతాయి. ఆల్‌ప్రజొలామ్, క్లోనజెపామ్ వంటి మాత్రలతో మగత, మతిమరుపు రావొచ్చు. సెషన్‌లో చెప్పినవి గుర్తుండకపోవచ్చు. బీపీ మందులు వాడేవారు చాలాసేపు వెనక్కి వాలి కూర్చుని ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరగొచ్చు. ఇవన్నీ ముందే తెలిస్తే థెరపిస్టు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

సిగరెట్ మానేముందు

సిగరెట్ మానడం మంచిదే. కాకపోతే పొగలోని రసాయనాలు క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్ వంటి మందులను కాలేయం త్వరగా విచ్ఛిన్నం చేసేలా చేస్తాయి. పొగ ఆగగానే అదే మోతాదు మందు రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది. క్లోజపిన్ మరీ పెరిగితే విపరీతమైన మగత, ఫిట్స్ రావొచ్చు. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు. కాబట్టి నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా ఈ ముప్పు తప్పదు. ఈ మందులు వాడేవారు సిగరెట్ మానే రోజు ఎప్పుడన్నది డాక్టర్‌కు ముందే చెప్పాలి.

భ్రమలు, భ్రాంతులతో కూడిన మానసిక జబ్బులకు మందులు వాడుతుంటే సైకియాట్రిస్టు సలహా లేకుండా హిప్నోథెరపీకి వెళ్లొద్దు. కొందరిలో లక్షణాలు ముదరొచ్చు.

ఏమేం చెప్పాలి?

• మందు పేరు, మోతాదు, వేసుకునే వేళ.
• ఇన్‌హేలర్లు, ఇన్సులిన్, షాపులో అడిగి కొనుక్కునే నొప్పి, నిద్ర మాత్రలు.
• ఆయుర్వేద, మూలికా మందులు.
• ఈమధ్య మార్చినవి, ఆపేసినవి.

రెండు మూడు సెషన్లతో హాయిగా అనిపించిందని మాత్రలు ఆపేయకండి. ఆల్‌ప్రజొలామ్ వంటివి చాన్నాళ్లు వాడి హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావొచ్చు. మోతాదు తగ్గించాలన్నా, ఆపాలన్నా మందు రాసిన డాక్టరే చెప్పాలి. ‘మందులన్నీ మానేయండి, మేం చూసుకుంటాం’ అనే థెరపిస్టు దగ్గరికి మళ్లీ వెళ్లకపోవడమే మేలు.