గాజు ముక్కలో సూపర్‌మ్యాన్!

1978లో వచ్చిన ‘సూపర్‌మ్యాన్’ సినిమా చూశారా? అందులో హీరోకి తండ్రి చెప్పాల్సినవన్నీ స్ఫటికాల్లో దాచి పంపిస్తాడు. 2019లో మైక్రోసాఫ్ట్, వార్నర్ బ్రదర్స్ కలిసి ఆ సినిమానే అరచేతిలో పట్టే గాజు పలకలో దాచేశాయి. మొత్తం 75.6 జీబీ. పలక మందం 2 మిల్లీమీటర్లే. దాన్ని నీళ్లలో మరిగించారు, ఓవెన్‌లో పెట్టారు, స్టీల్ పీచుతో రుద్దారు. అయినా డేటా చెక్కు చెదరలేదు.

గాజే ఎందుకు?

మన ఫొటోలు క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయిలే అనుకుంటాం. ఆ క్లౌడ్ అంటే ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న డిస్కులే. వాటి ఆయుష్షు కొన్నేళ్లే. పాతవి పాడయ్యేలోపు కొత్తవాటిలోకి కాపీ చేస్తూనే ఉండాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ తంటా బాగా తెలుసు. ఆ కాపీ ఒక్కసారి ఆగితే డేటా గోవిందా!

గీతలు వాటంతట అవే

గాజులో రాసే పెన్ను ఫెమ్టోసెకండ్ లేజర్. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫెమ్టోసెకండ్. సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు వెళ్లే కాంతి కూడా ఆ వ్యవధిలో వెంట్రుక మందంలో నూరో వంతు దాటదు. లేజర్ మెరుపు అంత పొట్టిది కాబట్టి వేడి చుట్టూ పాకే టైమ్ ఉండదు. లోపల గురిపెట్టిన చుక్క మాత్రమే మారుతుంది.

అసలు వింత ఇక్కడే ఉంది. అదే చుక్క మీద మెరుపులు వరసగా పడితే లోపల సన్నని పొరలు వాటంతట అవే వరుసకడతాయి. గాలికి ఇసుకలో అలలు పడినట్టే అన్నమాట. వాటి మధ్య దూరం కాంతి తరంగం పొడవు కన్నా తక్కువ. గాజులో ఇలా జరుగుతోందని బ్రిటన్, జపాన్ శాస్త్రవేత్తల బృందం 2003లో చూపించింది. అలా ఎందుకు జరుగుతుందన్నదానిపై చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

లేజర్ కాంతి కంపించే దిశ మారిస్తే పొరల దిశా మారుతుంది. సీడీలో ఒక గుర్తు ఉందా, లేదా అని చూస్తారు, అంతే. ఇక్కడ చుక్క ఎక్కడుందో చెప్పే మూడు కొలతలకి పొరల దిశ, వాటి బలం తోడయ్యాయి. అందుకే దీనికి ‘5డి’ స్టోరేజ్ అని పేరు.

మరి చిక్కెక్కడ?

స్పీడులో! బ్రిటన్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ టీమ్ 2021లో సెకనుకి 230 కేబీ వేగం చూపించింది. ఆ లెక్కన 1 టీబీ రాయడానికి దాదాపు 50 రోజులు. రాసింది చెరపలేం, చదవాలంటే మైక్రోస్కోప్ కావాలి. అందుకే ఇది ఇప్పట్లో మన ఫోన్లలోకి రాదు. ఒకసారి రాసి తరతరాలు దాచాల్సిన రికార్డులకే పనికొస్తుంది.

2024లో ఇదే టీమ్ మనిషి జీనోమ్ మొత్తాన్ని స్ఫటికంలో రాసి, ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ ఉప్పు గుహలో భద్రపరిచింది. వేల ఏళ్ల తర్వాత దొరికితే ఎవరు చదువుతారు? అందుకే లోపల ఏముందో, ఎలా వాడాలో బొమ్మలతో ఆ స్ఫటికం మీదే చెక్కారు. ఫైల్‌తో పాటు రీడ్‌మీ కూడా పెట్టారన్నమాట!