పళ్లచక్రాల పొత్తు

హైదరాబాదు నగరానికి తూర్పు దిక్కున, మూసీ నదికి చేరువలో ఉన్న ప్రాంతం ఉప్పల్. అక్కడి భగాయత్ అనే పేరు ఒకప్పటి తోట సాగును నేటికీ గుర్తుచేస్తుంది. దానికి ఉత్తరాన నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు వెలిశాయి. 2017 నవంబరులో నాగోలు నుండి మియాపూర్ వరకు మెట్రో రైలు మొదలై ప్రధాన రహదారి మీది ప్రయాణాన్ని సులభం చేసింది. అయినప్పటికీ స్టేషను మెట్లు దిగిన తరువాత లోపలి వీధులకు చేరవలసిన దూరం అలాగే మిగిలింది. ఆ దూరానికి చవకైన సాధనం సైకిలు.

నాచారంలో ఒకే సైకిలు మీద ఆధారపడిన తండ్రీకొడుకులను ఊహించుకోవచ్చు. తండ్రి రాత్రి షిఫ్టుకు, కొడుకు పగలు కళాశాలకు దాని మీదనే వెళతారు. దానికి వెనుక ఏడు పళ్లచక్రాలు, ముందు మూడు. మూసీ వైపు నుండి తార్నాక దిక్కుగా పోయే దారి మెల్లగా ఎత్తు ఎక్కుతుంది; బరువు సంచితో ఆ మిట్ట ఎక్కడం కష్టమని కొడుకు ఫిర్యాదు. అతడు దాచుకున్న డబ్బుతో తొమ్మిది చక్రాల వెనుక గుత్తి ఒకటి కొని తెచ్చాడనుకుందాం. వస్తువు మంచిదే, కొత్తదే. కాని అది ఆ సైకిలుకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలియాలంటే గేర్ల లెక్కతో మొదలుపెట్టాలి.

పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు ఎంత దూరం సాగుతుందన్నదే గేరు కొలత. ముందు చక్రపు పళ్లను వెనుక చక్రపు పళ్లతో భాగించి, బండిచక్రం చుట్టుకొలతతో గుణిస్తే ఆ దూరం వస్తుంది. గేర్లు లేని పాత ఇనుప సైకిలుకు ముందు 44, వెనుక 18 పళ్లు, చుట్టుకొలత 2.2 మీటర్లు అనుకుంటే చుట్టుకు దాదాపు 5.4 మీటర్లు. కొడుకు సైకిలుకు ముందు 42, 34, 24 పళ్లు, వెనుక 14 నుండి 28 పళ్లు, చుట్టుకొలత 2.05 మీటర్లు. దానిలో అతి పెద్ద గేరు చుట్టుకు 6.15 మీటర్లు, అతి చిన్న గేరు దాదాపు 1.76 మీటర్లు. దూరం తగ్గిన కొద్దీ కాలి మీది ఒత్తిడి తగ్గుతుంది. ఆ మేరకు పెడలు ఎక్కువసార్లు తిప్పాలి. చేయవలసిన పని తగ్గదు, దాని పంపకం మారుతుంది. కొని తెచ్చిన తొమ్మిది చక్రాల గుత్తిలో కూడా పెద్దది 28 పళ్లదే అయితే మిట్ట మీద కలిగే సుఖంలో తేడా ఏమీ ఉండదు. చక్రాల సంఖ్య పెరిగితే మెట్ల నడుమ ఎడం తగ్గుతుందే గాని, కిందిమెట్టు మరింత కిందికి దిగదు. కొనేవారిలో చాలామంది పొరబడేది ఇక్కడే.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. ఏడు చక్రాల గుత్తిలో ఒక చక్రం నుండి పక్క చక్రానికి దూరం 5 మిల్లీమీటర్లు. ఎనిమిదింటిలో అది 4.8, తొమ్మిదింటిలో 4.35, పదింటిలో 3.95 మిల్లీమీటర్లు. హ్యాండిలు మీద ఉండే షిఫ్టర్ ఒక్కొక్క 'టిక్కు'కు నిర్ణీతమైన కొలతలో తీగను లాగుతుంది. వెనుక చక్రం దగ్గర వేలాడే డిరైలర్ ఆ లాగుడును పెంచి, చైనును పక్కకు జరుపుతుంది. ఏడు చక్రాల షిఫ్టర్ టిక్కుకు 5 మిల్లీమీటర్లు జరపాలని తయారైంది. తొమ్మిది చక్రాల గుత్తికి దానిని కలిపితే ప్రతి మెట్టుకు 0.65 మిల్లీమీటరు తప్పు. మూడు మెట్లకు దాదాపు 2 మిల్లీమీటర్లు. అంటే చైను రెండు చక్రాల నడుమ సగం దారిలో ఊగిసలాడుతుంది. పైగా ఏడు మెట్లు మాత్రమే ఉన్న షిఫ్టర్ తొమ్మిది చక్రాలను ఎలాగూ అందుకోలేదు.

పద్యం చదివిన విద్యార్థికి ఈ సంగతి కొత్త కాదు. ఉత్పలమాల పాదంలో మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే అది చంపకమాల పాదమవుతుంది. పెరిగింది ఒక్క అక్షరమే. కాని దానితో యతిస్థానం పదవ అక్షరం నుండి పదకొండవ అక్షరానికి జరుగుతుంది. మిగిలిన గురులఘువుల వరుస మారకపోయినా, పాత యతి అక్కడ నిలవదు.

విచిత్రమేమంటే ఈ ఇబ్బంది సాంకేతిక ప్రగతితో వచ్చింది. 1921లో జపానులోని సకాయ్ పట్టణంలో పుట్టిన షిమానో సంస్థ 1984లో టిక్కు మెట్ల పద్ధతిని పందెపు సైకిళ్లలో ప్రవేశపెట్టింది. అంతకు ముందు షిఫ్టర్లలో చాలావరకు మెట్లు ఉండేవి కావు. నడిపేవాడు మీటను తన చేతి అంచనాతో జరిపి, చైను చప్పుడు విని సరిచేసుకునేవాడు. అప్పుడు ఏ గుత్తికి ఏ మీటయినా చాలావరకు సరిపోయేది. నైపుణ్యం చేతి నుండి యంత్రంలోకి మారిన తరువాత ఆ సర్దుబాటు గుణం పోయింది. మెట్లు లేని మీటను అమర్చుకుని నేటికీ పొంతన లేని భాగాలను నడిపేవారున్నారు. అది పాత పద్ధతే గాని తప్పు పద్ధతి కాదు.

అలాగని భాగాలను కలపడమే కుదరదనుకోరాదు. ఏడు, ఎనిమిది చక్రాల ఎడాలలో తేడా 0.2 మిల్లీమీటరే కనుక, మధ్య మెట్టు దగ్గర సరిచూసి బిగిస్తే ఒకదాని షిఫ్టర్ మరొకదానితో చాలావరకు నడుస్తుంది. షిమానో ఏడు, ఎనిమిది, తొమ్మిది చక్రాల డిరైలర్లు తీగ లాగుడును ఒకే నిష్పత్తిలో, దాదాపు 1.7 రెట్లు పెంచుతాయి. కనుక వాటిలో డిరైలర్ పాతదైనా బాధ లేదు, షిఫ్టర్ మాత్రం చక్రాల సంఖ్యకు తగినది కావాలి. రహదారి సైకిళ్ల పది చక్రాల షిఫ్టర్‌ను పర్వత సైకిలు తొమ్మిది చక్రాల డిరైలర్‌తో కలిపేవారు కూడా ఈ సమాన నిష్పత్తినే ఆశ్రయించారు. 2010 ప్రాంతంలో పర్వత సైకిళ్ల పది చక్రాల వరుసకు అదే సంస్థ నిష్పత్తిని మార్చడంతో ఆ చుట్టరికం తెగింది. అమెరికాకు చెందిన స్రామ్ సంస్థ పర్వత సైకిళ్లకు తీగను ఎక్కువగా లాగే వేరే లెక్కను అనుసరించింది. పేరు, ధర, మెరుపు ఎలా ఉన్నా పొత్తును తేల్చేది ఈ అంకె.

ఇరుసు సంగతి కూడా ఉంది. చవక గేరు సైకిళ్లలో వెనుక గుత్తి సాధారణంగా హబ్బుకు మరతో బిగించే ఫ్రీవీలు. దానిలో కుడివైపు బేరింగు లోపలికి ఉండిపోతుంది. చక్రాలు పెరిగిన కొద్దీ ఇరుసు ఆధారం లేకుండా బయటికి చాచుకుని, గుంతల దారిలో బరువు పడినప్పుడు వంగుతుంది, ఒక్కొక్కప్పుడు విరుగుతుంది. క్యాసెట్టు అనే గుత్తికి వేరే రకపు హబ్బు కావాలి. అందులో బేరింగు ఇరుసు చివరకు చేరి దానిని కాపాడుతుంది. షిమానో ఎనిమిది, తొమ్మిది, పది చక్రాల క్యాసెట్టులు ఒకే కొలత హబ్బు మీద కూర్చుంటాయి. ఏడు చక్రాల క్యాసెట్టును దాని మీద పెట్టాలంటే వెనుక 4.5 మిల్లీమీటర్ల వాషరు వేయాలి. కొడుకు కొన్న గుత్తి క్యాసెట్టు, ఇంట్లో ఉన్న హబ్బు ఫ్రీవీలుది. రెంటికీ అసలు కలయికే లేదు.

చివరిది చైను. అన్ని చైనులలోనూ పిన్నుకు పిన్నుకు దూరం అర అంగుళమే. మారేది వెడల్పు. ఏడెనిమిది చక్రాల చైను వెలుపలి వెడల్పు సుమారు 7.1 మిల్లీమీటర్లు, తొమ్మిదింటిది సుమారు 6.6, పదింటిది సుమారు 6. వెడల్పు చైను ఇరుకు గుత్తిలో పక్క చక్రాన్ని రాసుకుంటుంది. దీనికి మించిన ప్రమాదం అరుగుదల. పన్నెండు అంగుళాల స్కేలును చైను మీద పెడితే ఇరవై నాలుగు లింకులు సరిగా పన్నెండు అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారవ వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదవ వంతు పెరిగే దాకా ఊరుకుంటే పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త చైను పాత పళ్ల మీద నిలవక జారుతుంది. ఉప్పల్ చౌరస్తాలో వెనుక బస్సు వస్తుండగా పెడలు మీద లేచి నిలబడి తొక్కేవాడికి ఆ జారుడు చిన్న లోపం కాదు.

అయితే ఆ కుర్రవాడికి కావలసిందేమిటి? అదే ఏడు చక్రాల వరుసలో 14 నుండి 34 పళ్ల వరకు ఉన్న ఫ్రీవీలు. దానితో అతి చిన్న గేరు 1.76 నుండి దాదాపు 1.45 మీటర్లకు దిగుతుంది. అడగవలసిన సుఖం అదే. షిఫ్టర్, హబ్బు, ఇరుసు ఏవీ మారవు. సరిచూడవలసినది డిరైలర్‌ను మాత్రమే. అది 34 పళ్ల చక్రాన్ని అందుకోగలగాలి. ముందు చక్రాలలో తేడా 18, వెనుక తేడా 20, మొత్తం 38 పళ్ల మేరకు చైను వదులును చుట్టుకోగల పొడవు చేయి కూడా దానికి ఉండాలి. పాతది 32 పళ్లకే సరిపడేదైతే ఒక్క డిరైలర్ కొనవలసి వస్తుంది. ఆ తరువాత మెకానిక్ కొత్త చైనును డిరైలర్‌లో దూర్చకుండా ముందు 42 పళ్ల చక్రం, వెనుక 34 పళ్ల చక్రం మీదుగా చుట్టి, చివరలు కలిసే చోటుకు మరో రెండు లింకులు కలిపి తెంచుతాడు. తొమ్మిది చక్రాల గుత్తిని పొట్లం విప్పకుండా దుకాణదారుకు తిరిగి ఇచ్చివేస్తే, తండ్రి రాత్రి షిఫ్టు వేళకు సైకిలు సిద్ధమవుతుంది.