కాక్‌పిట్‌లో ఎదురుమాట

కలిసి పనిచేసే మనుషుల మధ్య తలెత్తే విభేదాలను సంస్థాగత మనస్తత్వశాస్త్రం స్థూలంగా రెండు రకాలుగా చూస్తుంది. చేయవలసిన పని గురించి, దాన్ని చేసే పద్ధతి గురించి వచ్చే భేదాభిప్రాయం మొదటిది కాగా, ఒకరి పొడ ఒకరికి గిట్టకపోవడం వల్ల పుట్టే వ్యక్తిగత వైరం రెండవది. 1990లలో ఈ విభజనకు ప్రాచుర్యం కల్పించిన కారెన్ జెన్ పరిశోధనలు, మొదటి రకం విభేదం మితంగా ఉంటే బృందానికి మేలు చేయగలదని సూచించాయి. తరువాత అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టినవారికి మాత్రం ఆ మేలు అంత సులువుగా కనిపించలేదు. పని మీద మొదలైన వాదం మనిషి మీదికి మళ్లినప్పుడు నష్టం ఎక్కువగానూ, ఆ రెండూ ముడిపడని చోట తక్కువగానూ ఉంటున్నదని తేలింది. ముడి పడేదీ పడనిదీ చాలావరకు నాయకుడి తీరును బట్టి ఉంటుంది.

నాయకత్వ శైలులను ప్రయోగానికి పెట్టిన తొలివారిలో, నాజీల రాకతో జర్మనీ విడిచి అమెరికా చేరిన కర్ట్ లెవిన్ ఒకరు. ఆయన, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ కలిసి 1930ల చివర అయోవాలో పదేళ్ల వయసు బాలుర క్లబ్బులను ఏర్పరచి, ప్రతి అడుగూ తానే శాసించే నిరంకుశ నాయకుణ్ణి, పిల్లలతో చర్చించి నిర్ణయించే ప్రజాస్వామిక నాయకుణ్ణి, దేనిలోనూ కలగజేసుకోని నాయకుణ్ణి మార్చిమార్చి చూశారు. మూడవ శైలి ముందుగా అనుకున్నది కాదు; ప్రజాస్వామికంగా నడపబోయిన వైట్ పిల్లలను వారి మానాన వదిలేయడం చూసి, దాన్ని వేరే శైలిగా గుర్తించారు. నిరంకుశ పాలనలోని పిల్లలు నాయకుడు గది దాటగానే పని మందగింపజేశారు. ఆయనపై వెళ్లగక్కలేని కోపాన్ని కొన్నిచోట్ల తమలోనే ఒకడి మీద చూపారు. పైకి అణగినట్టున్న వివాదం పక్కకు తిరిగి వైరంగా బయటపడుతుందన్న మాటకు ఇది తొలి ప్రయోగాధారాలలో ఒకటి.

ఆ పిల్లల ఆటలో పణంగా పెట్టినదేమీ లేదు. ప్రాణాలే పణమైన చోట ఈ విషయం పౌర విమానయానంలో తేటతెల్లమైంది. 1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనరీఫ్ విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, కేఎల్ఎం బోయింగ్ 747 రన్‌వే మీద ఇంకా ఉన్న పాన్ అమ్ 747ను ఢీకొనడంతో 583 మంది మరణించారు. కేఎల్ఎం కెప్టెన్ ఆ సంస్థలో 747 శిక్షణకు అధిపతి. పక్కన కూర్చున్న ఫస్ట్ ఆఫీసర్‌కు ఆ విమానం నడిపే అర్హత పరీక్ష పెట్టింది కూడా ఆయనే. కెప్టెన్ మొదటిసారి కదలబోయినప్పుడు, ఇంకా అనుమతి రాలేదని ఫస్ట్ ఆఫీసర్ గుర్తుచేశాడు. రెండవసారి అంత గట్టిగా అడ్డు చెప్పలేదు. విమానం వేగం అందుకుంటుండగా, పాన్ అమ్ రన్‌వే ఖాళీ చేసిందా లేదా అని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ సందేహం వెలిబుచ్చితే, కెప్టెన్ ఖాళీ చేసిందని తేల్చి చెప్పాడు. ఇంజనీర్ మరి మాట్లాడలేదు. రేడియో మాటలు ఒకదానిపై ఒకటి పడి వినబడకపోవడం వంటి కారణాలు మరికొన్ని ఉన్నా, ఆ మౌనాన్ని లెక్కలోంచి తీసేయడం కుదరదు.

మరుసటి ఏడాది డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ వద్ద, యునైటెడ్ సంస్థకు చెందిన డీసీ-8 విమానం, చక్రాలు సరిగా దిగాయో లేదోనన్న అనుమానంతో దాదాపు గంటసేపు గాలిలోనే తిరిగి, ఇంధనం అయిపోయి కూలిపోగా పదిమంది చనిపోయారు. ఇంధనం తరిగిపోతున్న సంగతి ఇంజనీర్‌కు తెలుసు, మాటల్లో సూచించాడు కూడా. చక్రాల సమస్యలో మునిగిపోయిన కెప్టెన్ తలకెక్కేంత సూటిగా మాత్రం ఎవరూ చెప్పలేదు. మృతులలో ఆ ఇంజనీర్ ఒకరు.

ఈ ప్రమాదాల దరిమిలా 1979లో నాసా ఏర్పాటు చేసిన సదస్సు నుంచి, 1981లో యునైటెడ్ మొదలుపెట్టిన కార్యక్రమం నుంచి ఎదిగినదే నేడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ పేరుతో ప్రపంచమంతటా విమానయాన సంస్థల పైలట్లకు తప్పనిసరి అయిన శిక్షణ. దీనిలో ప్రధాన భావన అధికార వాలు, అంటే బృందంలో పైవానికీ కిందివానికీ మధ్య మాట ఎంత కష్టపడి ఎక్కవలసి వస్తుందన్న కొలత. వాలు మరీ నిటారుగా ఉంటే కిందివాడు నీళ్లు నములుతాడు. బొత్తిగా లేకపోతే నిర్ణయం ఎవరిదో తేలదు. అందుచేత ఈ శిక్షణ కెప్టెన్ అధికారాన్ని తగ్గించదు, ఓట్లు వేయించదు. ప్రయాణానికి ముందే తనలో తప్పు కనిపిస్తే చెప్పమని ఆయన చేతనే అడిగిస్తుంది. కిందివానికి ఒక మాట వరస నేర్పుతుంది: పేరు పెట్టి పిలవడం, ఆందోళన తెలపడం, సమస్య చెప్పడం, పరిష్కారం సూచించడం, ఒప్పుకోలు అడగడం. “కెప్టెన్, ఇంధనం విషయం ఆందోళనగా ఉంది, పావుగంటకు మించి రాదు, ఇప్పుడే దిగుదాం, సరేనా?” అన్న ధోరణిలో సాగే ఆ మాటలలో ధిక్కారం లేదు, ప్రాధేయపడటమూ లేదు. ఎదురు చెప్పడం ఉద్యోగ బాధ్యతలో భాగమైపోయినప్పుడు, చెప్పినవాడి సాహసమూ విన్నవాడి పరువూ అందులోంచి తప్పుకుంటాయి. పని మీది విభేదం వ్యక్తిగత వైరంగా మారడానికి సందు దొరకదు. సౌమ్యంగా మాట్లాడండని ఉద్బోధించే సాధారణ నాయకత్వ పాఠాల కన్నా ఈ పద్ధతి మెరుగైనది ఇందువల్లనే.

1989లో హైడ్రాలిక్ వ్యవస్థలన్నీ పోయిన డీసీ-10ను అయోవాలోని సూ సిటీలో దించినప్పుడు కెప్టెన్ ఆల్ హేన్స్, ప్రయాణికుడిగా ఎక్కిన శిక్షకుడు డెనిస్ ఫిచ్‌కు సైతం థ్రాటిళ్లు అప్పగించాడు. 296 మందిలో 184 మంది బతికారు. ఆ ఫలితానికి ఈ శిక్షణ కూడా కారణమని హేన్స్ తరువాత పదేపదే చెప్పాడు.

అయితే శిక్షణ ఒక్కటే చాలదని 2010 మే 22 నాటి మంగళూరు ప్రమాదం చూపింది. దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ఉండవలసిన ఎత్తు కన్నా చాలా పైనుంచి దిగుతుంటే, ప్రయాణంలో ఎక్కువసేపు నిద్రపోయి లేచిన కెప్టెన్‌కు, మళ్లీ పైకి లేపమని ఫస్ట్ ఆఫీసర్ పలుమార్లు చెప్పాడు. కెప్టెన్ వినలేదు, విమానం కొండమీది రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. ఫస్ట్ ఆఫీసర్ నోరు విప్పాడు గాని నియంత్రణ చేతిలోకి తీసుకోలేదు. అందుకు విచారణ సంఘం ఆయన ధైర్యాన్ని తప్పుపట్టలేదు; సహ పైలట్ ఎప్పుడు విమానాన్ని తిరిగి పైకి లేపవచ్చునో చెప్పే ఉత్తర్వులలోని అస్పష్టతే బహుశా కారణమని తన నివేదికలో రాసింది.