పిల్లలు ఎవరికోసం వ్రాయాలి?

ముప్పది సంవత్సరాలుగా కళాశాలలో తెలుగు చెబుతున్నాను. ఈ కాలంలో నేను దిద్దిన వ్యాసాలకు లెక్కలేదు. వాటిని తలచుకొన్నప్పుడల్లా ఒక సందేహం నన్ను బాధిస్తుంది. ఆ వ్యాసాలను ఎవరు చదవాలని పిల్లలు వ్రాసినారు? నేను చదివినమాట నిజమే. కాని నేను చదివినది తప్పులు పట్టడానికి, మార్కులు వేయడానికి. వ్రాసిన విషయాన్ని ఔననిగాని, కాదనిగాని వారికి బదులు చెప్పినవారు లేరు. బదులు రాదని తెలిసిన ఉత్తరాన్ని ఎవరు మాత్రం శ్రద్ధగా వ్రాస్తారు?

2020 మార్చిలో కరోనా మూలంగా కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలన్నీ ఫోనులలోనికి వచ్చినవి. అంతర్జాల చర్చ అనేదానితో నాకు పరిచయం కలిగినది అప్పుడే. గూగుల్ క్లాస్‌రూమ్ వంటి సాధనంలో అధ్యాపకుడు ఒక ప్రశ్న పెడతాడు. విద్యార్థులు తమ ఇండ్లనుండే సమాధానాలు వ్రాస్తారు. ఒకరి సమాధానం క్రింద మరొకరు తమ అభిప్రాయం చేర్చవచ్చును. తరగతిలో గంట కొట్టగానే మాట ఆగిపోతుంది. ఇక్కడ వారం రోజులైనా సాగుతుంది. కళాశాలలు తిరిగి తెరచిన తరువాతకూడా వ్యాసరచన తరగతికి ఈ పద్ధతిని నేను విడిచిపెట్టలేదు.

మొదటి ప్రయత్నం మాత్రం పూర్తిగా విఫలమైనది. గురజాడ అప్పారావుగారు 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' కథ పాఠం చెప్పి, "ఈ కథలోని సంఘసంస్కరణ దృష్టిని చర్చించండి" అని ప్రశ్న ఇచ్చినాను. ప్రతివారూ ఇద్దరికి బదులు వ్రాయాలని నియమం పెట్టినాను. గైడులోని పేరా ఒకటే అరువదిసార్లు ప్రత్యక్షమైనది. దాని క్రింద "చాలా బాగుంది", "నేనూ ఏకీభవిస్తున్నాను" అనే బదుళ్ళు వరుసకట్టినవి. పిల్లలను కోపగించుకొన్నాను. తరువాత ఆలోచిస్తే తప్పు నాదేనని తోచినది. ఎవరూ కాదనలేని ప్రశ్న వేసి చర్చించమంటే వారేమి చర్చిస్తారు?

మరుసటి వారం ప్రశ్న మార్చినాను. "గోపాలరావు నిజంగా మారినాడా? కథలోని ఒక ఆధారం చూపండి." అంతే. వేశ్యల పాటకచేరీలకు తిరిగే భర్తకు బుద్ధి చెప్పడానికి కమలిని ఉత్తరం వ్రాసిపెట్టి, పుట్టింటికి వెళ్ళినట్లు నటించి, ఇంటిలోనే దాగియున్న కథ అది. అతని పశ్చాత్తాపం చాలునని కొందరు వాదించినారు. భార్య నవ్వు వినబడిన తరువాత కథ ముగిసినది గనుక, మరునాటి సాయంకాలం అతడెక్కడికి పోయినాడో మనకు తెలియదని ఒక విద్యార్థి అన్నాడు. ఇంతలో, తరగతిలో ఏనాడూ నోరువిప్పని ఒక విద్యార్థిని ఒక్క వాక్యం వ్రాసినది: "బయపడిపోనోడు మారిపోనట్టేనా?"

మాది శ్రీకాకుళం ప్రాంతం. ఆ వాక్యం ఆ పిల్ల ఇంటి భాష. ఆమె అడిగిన ప్రశ్న ఆనాటి చర్చకంతటికీ ప్రాణం వంటిది. పెండ్లాం పోయిందన్న భయం వేరు, తాను చేసినది తప్పన్న జ్ఞానం వేరు అని ఆ పిల్ల కనిపెట్టినది. నేను చేసినదేమిటి? ఆ వాక్యం క్రిందనే, అందరూ చూస్తుండగా, "భయపడినవాడు మారినట్లేనా? అని వ్రాయవలెను" అని సవరించినాను. ప్రశ్నను గురించి ఒక్క ముక్కయినా అనలేదు.

ఆ తరువాత మూడు వారాలపాటు ఆ పిల్ల ఏమీ వ్రాయలేదు. కారణం ఆమె స్నేహితురాలు చెప్పినది: "మీరు అందరి ముందూ దిద్దీసినారు గదా మేస్టారూ, దానికి సిగ్గైపోనాది."

ఆ మాట విన్ననాడు నాకు నిద్రపట్టలేదు. కళాశాలలో పిల్లలు వ్యాసం ఏ తెలుగులో వ్రాయాలన్న విషయంమీదనే ఈ దేశంలో ఒక పెద్ద వాదం నడిచినది. మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో సభ్యులుగా ఉండి, అధికసంఖ్యాకుల నిర్ణయం తమకు సమ్మతం కాదని 1914లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించినవారు గురజాడవారే. అదే వాదానికి జీవితమంతా ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టినది మా శ్రీకాకుళం గడ్డమీద, పర్వతాలపేటలో. ఏటేటా ఆగస్టు 29న ఆయన జయంతినాడు వ్యావహారిక భాషను గురించి ఉపన్యాసమిచ్చేవాడిని నేను. గురజాడవారి కథమీద జరుగుతున్న చర్చలో, గిడుగువారి జిల్లా పిల్ల తన భాషలో ఆలోచిస్తే, నోరు మూయించినవాడినీ నేనే.

తరగతిలో క్షమాపణ చెబితే ఆ పిల్ల మరింత ముడుచుకొనిపోతుందేమోనని భయపడినాను. అందుచేత నా సవరణను తొలగించి, ఆ స్థానంలో ఇట్లా వ్రాసినాను: "ఈ చర్చలో అన్నిటికంటె మంచి ప్రశ్న ఇది. దీనికి ఇంతవరకు ఎవరూ సమాధానం చెప్పలేదు. నాకూ తెలియదు." రెండు రోజులలో పదునొకండు సమాధానాలు వచ్చినవి. మూడవనాడు ఆ పిల్లే వచ్చి వారిలో ఇద్దరిని ఖండించినది. నెలాఖరున అందరూ పూర్తి వ్యాసం వ్రాసినప్పుడు, "భయపడినవాడు మారినట్లేనా?" అన్న వాక్యంతో ఆమె వ్యాసం ఆరంభమైనది. ఎవరూ దిద్దకుండానే శిష్టరూపం దానంతటది వచ్చినది. చెప్పవలసిన మాట చేతిలో ఉన్నవాడు దానికి తగిన రూపాన్ని తానే వెదకుకొంటాడు.

అప్పటినుండి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. చర్చ చిత్తుప్రతి, వ్యాసం శుద్ధప్రతి. చర్చలో భాషను దిద్దను. దిద్దవలసినది ఉంటే ఆ విద్యార్థికి మాత్రమే విడిగా చెబుతాను. పైగా ల-ళలు, న-ణలు తారుమారు కావడానికి చాలాసార్లు కారణం అజ్ఞానం కాదు. ఇంగ్లీషు అక్షరాలు నొక్కి తెలుగు రప్పించేటప్పుడు చిన్నబడికి, పెద్దబడికి గల తేడా అది. తరగతిని ఎనిమిదేసిమంది జట్లుగా విభజిస్తాను. బుధవారానికి ఎవరి సమాధానం వారు వ్రాయాలి. శనివారానికి తోటివాని సమాధానంలోని ఒక వాక్యాన్ని ఎత్తిచూపి, ఔననిగాని కాదనిగాని ఆధారంతో బదులివ్వాలి. మూడుల్ అనే సాధనంలో ఒక మంచి సదుపాయం కలదు. తన సమాధానం పెట్టేవరకు ఇతరుల సమాధానాలు కనబడకుండా ఏర్పాటు చేయవచ్చును. చూచి వ్రాయడానికి అక్కడ వీలు తక్కువ. ఫోను లేనివారు కాగితంమీద వ్రాసి ఇస్తారు, జట్టులో ఒకరు దానిని ఎక్కిస్తారు. ఫోను లేదన్న కారణంగా ఎవరి మాటా చర్చకు దూరం కారాదు.

ఇప్పుడు మరొక చిక్కు వచ్చిపడినది. అడిగినదే తడవుగా వ్యాసం అల్లియిచ్చే కృత్రిమ మేధ పిల్లల చేతిలో ఉన్నది. బదుళ్ళుకూడా అదే వ్రాసిపెట్టగలదు. దానిని పట్టుకొనే యంత్రాలను నేను నమ్మను. సోమవారంనాడు తరగతిలో ఒక్కొక్కరిచేత వారి బదులు పైకి చదివించి, "ఇట్లా ఎందుకన్నావు?" అని ప్రశ్నిస్తాను. తాను ఆలోచించినవాడు తడబడుతూనైనా చెబుతాడు. అరువు తెచ్చుకొన్నవాడు కాగితంవంక చూస్తాడు. అతనిని నేను మందలించను. తోటివారి ఎదుట ఆ క్షణం గడపడమే అతనికి చాలును.

మన శాస్త్రగ్రంథాలలో పూర్వపక్షం లేకుండా సిద్ధాంతం లేదు. ఎదుటివాని వాదాన్ని ముందు న్యాయంగా వినిపించి, తరువాత తన మాట చెప్పడం మనకు క్రొత్త కాదు. మధ్యలో పరీక్షలు వచ్చి పూర్వపక్షాన్ని తీసివేసి, సిద్ధాంతాన్ని మాత్రం కంఠస్థం చేయించినవి. చర్చకు అంతర్జాలమే కావాలని నేననను. పాఠశాలలో గోడమీద అంటించిన కాగితంతోనైనా ఈ పని చేయవచ్చును. కావలసినది బదులు చెప్పే పాఠకుడు, రెండువైపులా వాదించదగిన ప్రశ్న, ఎఱ్ఱసిరా కలమును కొంతసేపు జేబులో ఉంచుకోగల ఉపాధ్యాయుడు. వీటిలో మూడవదే కష్టమని నా అనుభవం.